ఆన్‌లైన్ ర్యాపిడ్ చెస్ టోర్నీ గెలిచిన ఆదివారం: నా అనుభవం

ఏడు రౌండ్లు, స్విస్ పద్ధతి. ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ఎత్తు వేసిన ప్రతిసారీ 5 సెకన్లు అదనం. 1600 లోపు రేటింగ్ ఉన్నవాళ్ళకీ, అసలు రేటింగే లేనివాళ్ళకీ మాత్రమే. ఎంట్రీ ఫీజు లేదు, క్యాష్ ప్రైజూ లేదు. మొదటి బహుమతి ఒక డిజిటల్ చెస్ గడియారం, సర్టిఫికెట్. మా కాలనీలో పిల్లలకి చెస్ నేర్పే సార్ ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది పిల్లల కోసం. మా వాడికి ఆ రోజు స్నేహితుడి పుట్టినరోజు ఉందట, ఆడనన్నాడు. వాడి బదులు నా పేరు ఇచ్చేశాను. వయసు పరిమితి ఏమీ రాయలేదు మరి!

నాకు నలభై దాటాయి. కోఠిలో మందుల హోల్‌సేల్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చదరంగం మా అన్నయ్య నేర్పాడు. 2002లో హైదరాబాద్‌లో ప్రపంచకప్ జరిగి ఆనంద్ గెలిచినప్పుడు, పేపర్లో పడిన ఆటలన్నీ అన్నయ్య కత్తిరించి నోటుబుక్కులో అంటించేవాడు. సాయంత్రం బోర్డు పేర్చి, వాడు ఎత్తులు చదువుతుంటే నేను పావులు జరిపేదాన్ని. తర్వాత చదువు, పెళ్ళి, ఉద్యోగం. ఆట అటకెక్కింది. మళ్ళీ మొదలైంది మెట్రోలోనే. కేపీహెచ్‌బీలో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్ దాకా రైలు మారక్కర్లేదు. సీటు దొరికితే రెండు చేతులతో పజిల్స్, దొరక్కపోతే ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పజిల్స్.

ఆన్‌లైన్ టోర్నమెంట్ అనగానే అత్తయ్య టీవీ సౌండు తగ్గించారు. "అమ్మాయ్, ఇది ఆ రమ్మీ లాంటిది కాదు కదా?" ఆవిడ భయంలో న్యాయం ఉంది. మా బంధువుల్లో ఒకతను ఆ రమ్మీలో పడి చేసిన అప్పులు ఇంటిల్లిపాదికీ తెలుసు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లోనే నిషేధించారు, ఇందులో పెట్టేదీ లేదు, వచ్చేదీ లేదు అని చెప్పాను. "డబ్బులూ రాకపోతే ఆదివారం పూట ఎందుకమ్మా మరి" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

టోర్నీ పెట్టింది లిచెస్‌లో. ఈ సైట్‌ని ఫ్రాన్స్‌కి చెందిన ప్రోగ్రామర్ తిబో డుప్లెస్సి 2010లో మొదలుపెట్టాడు. ప్రకటనలుండవు, విరాళాల మీద నడుస్తుంది. అందులో స్విస్ టోర్నీ ఆడాలంటే ముందు నిర్వాహకుల టీమ్‌లో చేరాలి. చేరడం ఒక నిమిషం పని. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

సార్‌కి నా ఆట తెలుసు. "మీ లెక్క బాగానే ఉంటుందమ్మా, కాకపోతే తీరిగ్గా ఉంటుంది" అన్నారు ఒకసారి. టోర్నీకి పేరిచ్చానని చెబితే ఓపెనింగ్ పుస్తకాలేవో చెబుతారనుకున్నాను. ఆయన కాగితం మీద కూడిక వేసి చూపించారు. సగటున 40 ఎత్తుల ఆట అనుకుందాం. 10 నిమిషాలంటే 600 సెకన్లు. ఎత్తుకి 5 చొప్పున ఇంకో 200. మొత్తం 800 సెకన్లు, ఎత్తుకి 20 సెకన్లు. "ఇదీ మీ జీతం. పదో తారీఖుకే ఖర్చు పెట్టేస్తే నెలాఖరుకి ఏం తింటారు?" అకౌంట్స్ చేసేవాళ్ళకి ఇంతకంటే బాగా చెప్పలేరు. ఆ రోజు నుంచి నాకొక లెక్క పెట్టుకున్నాను: 15వ ఎత్తు దగ్గర గడియారంలో 8 నిమిషాలు, 30వ ఎత్తు దగ్గర 4 నిమిషాలు మిగలాలి. పొజిషన్ ఎంత బాగున్నా సరే, అంత మిగలకపోతే ఆ ప్రాక్టీస్ గేమ్ ఓడినట్టే.

ఆ 8 నిమిషాలు మిగలాలంటే మొదటి పదిహేను ఎత్తులు చేతికి తెలిసినవై ఉండాలి. అందుకని ఓపెనింగులు కుదించేశాను. తెల్లపావులతో లండన్ సిస్టమ్ ఒక్కటే. డీ4, శకటు ఎఫ్4కి, తర్వాత ఈ3, సీ3 (అక్షరం బోర్డు మీద నిలువు వరుస, అంకె అడ్డ వరుస). అవతలివాళ్ళు ఏం వేసినా దాదాపు ఇదే వరుస. నల్లపావులతో అవతల ఈ4 వేసినా డీ4 వేసినా నావి సీ6, డీ5. మొదటి దానికి జవాబుగా వేస్తే కారోకాన్, రెండో దానికి వేస్తే స్లావ్. బంట్ల అమరిక ఇంచుమించు ఒకటే కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండో దానికీ పనికొస్తుంది. లండన్‌ని బద్ధకస్తుల ఓపెనింగ్ అని కుర్రాళ్ళు వెక్కిరిస్తుంటారు. 2023లో ఆస్తానాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరో ఆటలో డింగ్ లిరెన్ దీంతోనే నెపోమ్నియాషిని ఓడించాడని వాళ్ళకి గుర్తుచేస్తాను. డింగ్ ఆడిన లండన్‌కీ నేను ఆడే లండన్‌కీ పోలిక పేరు వరకే అనుకోండి, ఆ మాట వాళ్ళకి చెప్పను.

ఇక మిగుల్చుకున్న టైం దేనికి? ఎండ్‌గేమ్‌కి. మా స్థాయి ఆటల్లో మంత్రులు తొందరగానే మారిపోతారు, గుర్రాలూ శకటులూ ఎక్కడో ఒకచోట పోతాయి, చివరికి మిగిలేవి ఏనుగులూ నాలుగు బంట్లూ. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఎండ్‌గేమ్ పుస్తకం ఒకటుంది, అట్ట లేదు, మొదటి కొన్ని పేజీలూ లేవు. అందులోంచి రెండే పొజిషన్లు పట్టుకున్నాను. ఒకటి ఫిలిడోర్: ఏనుగూ బంటూ ఉన్నవాడి మీద ఒట్టి ఏనుగుతో డ్రా చేసుకోవడం. రెండోది లూసెనా: అదే ఏనుగూ బంటుతో గెలవడం. లూసెనా అనే స్పెయిన్ ఆయన పుస్తకం 1497లో అచ్చయింది కానీ ఆయన పేరు మోస్తున్న ఈ పొజిషన్ అందులో లేనే లేదు. ఎవరి పేరైతేనేం, పని చేస్తుంది. లిచెస్‌లో బోర్డు ఎడిటర్ తెరిచి పావులు పేర్చి, కంప్యూటర్‌తో అక్కణ్ణుంచి ఆడొచ్చు. రాత్రి గిన్నెలు సర్దాక ఒకసారి గెలిచే వైపు నుంచి, ఒకసారి కాచుకునే వైపు నుంచి ఆడేదాన్ని. కాచుకునే వైపు ఆడితేనే గెలిచే వైపు బాగా అర్థమైంది, ఎందుకో చెప్పలేను.

ఇంకో చిన్న మార్పు. పావుని మౌస్‌తో లాగి వదలడం మానేసి, పావు మీద ఒక క్లిక్, గడి మీద ఒక క్లిక్‌కి మారాను. లాగేటప్పుడు చెయ్యి జారితే గుర్రం పక్క గడిలో పడుతుంది, వెనక్కి తీసుకోవడం కుదరదు. జెన్ మోడ్ కూడా పెట్టుకున్నాను. అందులో అవతలివాళ్ళ పేరూ రేటింగూ కనపడవు, బోర్డూ గడియారమూ మాత్రమే ఉంటాయి. రేటింగ్ చూస్తే భయమో, నిర్లక్ష్యమో ఏదో ఒకటి వస్తుంది. రెండూ టైం తినేవే.

ముందు రోజు సాయంత్రం వీడియో కాల్‌లో నిబంధనలు చెప్పారు. ఆట జరిగినంతసేపూ ల్యాప్‌టాప్ కెమెరా ఆన్‌లో ఉండాలి, స్క్రీన్ షేర్ చెయ్యాలి. ఫోన్‌ని రెండో కెమెరాగా పక్కనుంచి పెట్టాలి, అందులో మనిషీ టేబులూ రెండూ కనపడాలి. ఇయర్‌ఫోన్స్ కుదరదు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. కొందరు పెద్దవాళ్ళు గొణిగారు కానీ నాకైతే సబబే అనిపించింది. ఇవాళ మామూలు ఫోన్‌లో నడిచే స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ కూడా ప్రపంచ ఛాంపియన్ కన్నా గట్టిగా ఆడుతుంది. కెమెరా లేకుండా ఓడితే అనుమానం, గెలిస్తే నింద.

ఇక్కడే నాకొక చిక్కొచ్చింది. మాకు మే నెలలో సాయంత్రం గాలివాన వస్తే కరెంట్ పోతుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, వైఫైకి లేదు. మామూలుగా అయితే నా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తాను, కానీ నా ఫోన్ కెమెరా డ్యూటీలో ఉంటుంది. మా ఆయన ఫోన్ అడిగాను. "నాలుగు గంటలసేపా?" అన్నారు. నాలుగు గంటలసేపే. ఫోన్ లేకుండా ఆయన బయటికి వెళ్ళలేరు కాబట్టి ఆ ఆదివారం మా ఆయన ఇంటిపట్టునే ఉన్నారు, వంటిల్లు కూడా ఆయనే చూసుకున్నారు. ముందు రోజే ఆ హాట్‌స్పాట్‌ని ల్యాప్‌టాప్‌కి ఒకసారి కలిపి, పాస్‌వర్డ్ సేవ్ చేసి పెట్టాను.

రెండు గంటలకి మొదటి రౌండ్. దానికి పావుగంట ముందు ఆర్బిటర్, అంటే మా ఆటల రిఫరీ, ఒక్కొక్కరి గదీ చూశారు. ఫోన్ పట్టుకుని నాలుగు గోడలూ, టేబుల్ కిందా తిప్పి చూపించాలి. నా వంతు వచ్చింది. "మేడం, మానిటర్ అంచున ఆ పసుపు చీటీ ఏంటి?" అని అడిగారు. దాని మీద ఉన్నది "15 - 8, 30 - 4" అన్న నాలుగు అంకెలు. నా టైం లెక్క అని చెప్పాను. ఆయన నవ్వారు, అయినా తీసెయ్యమన్నారు. రాసుకున్న కాగితం ఏదైనా సరే ఉండకూడదట. తీసేశాను. అప్పటికే అది నోటికొచ్చేసింది కాబట్టి చీటీ ఉన్నా లేకపోయినా ఒకటే.

మొదటి రెండు రౌండ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మొదటిదాంట్లో అవతలివాళ్ళు మంత్రిని ముందే బయటికి తెచ్చి తిప్పలు పడ్డారు. రెండోదాంట్లో నేను కొంచెం ఇరుకులోనే ఉన్నాను కానీ 30వ ఎత్తు దగ్గర నాకు నాలుగున్నర నిమిషాలు, అవతల నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లలో మంచి పొజిషన్ కాస్తా కరిగిపోయింది. లెక్క పనిచేస్తోందని అక్కడే నమ్మకం కుదిరింది.

మూడో రౌండ్ డ్రా. నల్లపావులు, కారోకాన్, అవతలి మనిషి కూడా నాలాగే తాపీ రకం. ఇద్దరం బంట్లు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం, ఎవరూ తలుపు తియ్యలేదు. ఆ ఆట మధ్యలోనే అత్తయ్య తలుపు తోసుకుని లోపలికొచ్చి, "అమ్మాయ్, పెరుగు తోడు పెట్టావా?" అన్నారు. వెంటనే స్పీకర్‌లోంచి "మేడం, మీ వెనక ఎవరో ఉన్నారు" అని ఆర్బిటర్ గొంతు. ఎవరూ కనపడకుండా మాట వినేసరికి అత్తయ్య గుమ్మం దాకా వెనక్కి నడిచారు. "మా అత్తగారండీ, పెరుగు గురించి" అన్నాను. "సరే మేడం, నోట్ చేసుకున్నాం" అన్నారాయన. ఆయన నిజంగానే నోట్ చేసుకున్నారనీ, రిపోర్టులో పెరుగు ప్రస్తావన ఉంటుందనీ మా ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు.

నాలుగో రౌండ్లో అనుకున్నంతా అయింది. నాలుగు గంటలకి గాలి మొదలైంది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, టప్పున కరెంట్ పోయింది. స్క్రీన్ మీద "రీకనెక్టింగ్" అని కనపడుతోంది. గడియారం ఆగదు, మన వైపు నెట్ పోతే మన టైమే పోతుంది. చాలాసేపు రాకపోతే అవతలివాళ్ళు గెలుపు క్లెయిమ్ చేసుకోవచ్చు కూడా. ల్యాప్‌టాప్ దానంతటదే ఆయన హాట్‌స్పాట్ పట్టుకునే వరకూ నా చేతులు మౌస్ మీదే ఉన్నాయి, గుండె మాత్రం ఎక్కడుందో తెలియదు. తిరిగి వచ్చేసరికి దాదాపు ముప్పావు నిమిషం పోయింది. నాకింకా ఐదు నిమిషాల పైనే ఉంది. అదే పాత నేనైతే ఆ సరికి రెండు నిమిషాల్లో ఉండేదాన్ని, ఆట అక్కడే అయిపోయేది. ఆ ఆట గుర్రంతో ఫోర్క్ చేసి, అంటే ఒకేసారి రెండు పావుల మీద గురిపెట్టి, ఒక ఏనుగుని కొట్టి గెలిచాను. వీడియో కాల్ కూడా తెగింది కదా, మళ్ళీ చేరి గది నాలుగు గోడలూ చీకట్లో టార్చి వేసి చూపించాల్సి వచ్చింది.

ఐదో రౌండ్ గెలుపు, ఆరో రౌండ్ డ్రా. ఆరోది గెలవాల్సిన ఆట కాదు, ఓడాల్సిన ఆటా కాదు. మళ్ళీ ఏనుగుల ఎండ్‌గేమే, ఈసారి బంటు తక్కువ నాకు. ఫిలిడోర్ చెప్పినట్టు ఏనుగుని వరుస మీద నిలబెట్టి కాచుకున్నాను. యాభై, అరవై ఎత్తులు అటూ ఇటూ జరిపి అవతలివాళ్ళు విసిగి డ్రాకి ఒప్పుకున్నారు.

అప్పటికి నాకు 6లో 5 పాయింట్లు. ముందున్నది ఒక్కడే, 5.5తో. నిజామాబాద్‌లో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి. చివరి రౌండ్ నాకూ అతనికీ పడింది. స్విస్ పద్ధతిలో ఓడినవాళ్ళు ఇంటికి పోరు, ఒకే పాయింట్లున్నవాళ్ళనీ దగ్గరగా ఉన్నవాళ్ళనీ రౌండ్ రౌండ్‌కీ జతచేస్తారు కాబట్టి చివరికొచ్చేసరికి ఇలా గట్టివాళ్ళు ఎదురవుతారు. అతనికి డ్రా చాలు, నాకు గెలుపు కావాలి. అర పాయింట్ వెనకబడి ఉన్నా చివరి దాకా వదలకూడదని మన కోనేరు హంపిని చూసి నేర్చుకోవాలి. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్‌లో ఆవిడ మొదటి రౌండే ఓడిపోయారు. అక్కణ్ణుంచి లేచి 11 రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చుకుని, చివరి రౌండ్ నల్లపావులతో గెలిచి టైటిల్ పట్టుకెళ్ళారు. అది రెండోసారి, మొదటిది 2019లో మాస్కోలో. అక్కడ ఆడేది 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్ల లెక్కన. ఇదంతా ఆరో రౌండ్ అయ్యాక మా ఆయన తెచ్చిన టీ తాగుతూ నాకు నేను చెప్పుకున్న ధైర్యం.

ఏడో రౌండ్, నావి తెల్లపావులు. లండన్. అబ్బాయి చకచకా ఆడుతున్నాడు, పదో ఎత్తుకి అతని గడియారంలో మొదలుపెట్టినప్పటి కన్నా ఎక్కువ టైం ఉంది. 15వ ఎత్తు దగ్గర నాకు 8 నిమిషాల 10 సెకన్లు. లెక్క సరిపోయింది. మంత్రులు మారాయి. ఆ తర్వాత అతనికి నచ్చని పొజిషన్ వచ్చింది. నాకు గొప్పగా ఉందని కాదు, అతనికి దాడి చెయ్యడానికి ఏమీ దొరకలేదు, అంతే. అక్కడ అతను ఆగాడు. ఒక ఎత్తుకి రెండు నిమిషాల పైన పెట్టాడు, ఇంకోదానికి ఇంచుమించు అంతే. 30వ ఎత్తుకి నాకు 4 నిమిషాల 20 సెకన్లు, అతనికి నిమిషంన్నర. నాకొక బంటు ఎక్కువ.

చివరికి మిగిలింది ఇది. నా రాజు డీ5లో, బంటు ఈ5లో, ఏనుగు ఏ7లో. అతని రాజు ఈ8లో, ఏనుగు జీ6లో. అంటే అచ్చంగా ఫిలిడోర్. అతని ఏనుగు ఆరో వరుసలో ఉన్నంతకాలం నా రాజు ముందుకు రాలేడు. బంటుని ఆరో వరుసకి తోస్తే అప్పుడు ఏనుగు కిందికి దిగి వెనకనుంచి చెక్‌లు ఇస్తుంది, రాజుకి తలదాచుకునే చోటుండదు, డ్రా. కాబట్టి నేను బంటు తొయ్యలేదు. ఏనుగుని ఏడో వరుస మీదే ఒక ఎత్తు బీ7కి, మళ్ళీ ఒక ఎత్తు ఏ7కి జరిపాను. నాకు మూడు నిమిషాలుంది, జరపడానికి టైం ఉంది. అతనికి పదిహేను సెకన్లు, ఎత్తుకి వచ్చే ఐదు. అతను కూడా జీ6, హెచ్6 అంటూ జరుపుతూనే ఉన్నాడు. తెలిసిన పిల్లాడేనని అర్థమైంది. ఇంక రాదేమో అనుకున్నాను.

ఉన్నట్టుండి అతని ఏనుగు జీ1కి దిగింది. బంటు ఇంకా ఈ5లోనే ఉంది! నా రాజు డీ6కి ఎక్కాడు. డీ1 నుంచి చెక్. రాజు ఈ6కి. ఇప్పుడు రాజులిద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, అతని రాజు కదలకపోతే, నా తర్వాతి ఎత్తు ఏనుగు ఏ8కి చెక్, డీ8లో తన ఏనుగుని అడ్డం పెట్టి పోగొట్టుకోవడం తప్ప అతనికి దారి ఉండదు. అయినా సరే, ఆట ఇంకా డ్రానే. అతని రాజు ఎఫ్8కి, అంటే బంటుకి గడులు తక్కువున్న వైపుకి వెళ్ళాలి. అలా వెళ్తే ఎక్కువ గడులున్న వైపు అతని ఏనుగుకి ఖాళీగా ఉంటుంది, దూరం నుంచి చెక్‌లు ఇవ్వొచ్చు. డీ8 వైపు వెళ్తే రాజే ఆ చోటు ఆక్రమించి ఏనుగుకి అడ్డం పడతాడు. అతని గడియారంలో తొమ్మిది సెకన్లు. ఎనిమిది. ఏడు. రాజు డీ8కి.

నాకింకా రెండున్నర నిమిషాల పైనే ఉంది. అప్పుడు ఆగాను. ఆ రోజు మొత్తంలో ఒక ఎత్తుకి నిమిషం పెట్టింది అక్కడొక్కచోటే. ఏ8లో చెక్, రాజు సీ7కి. తర్వాత బంటు మెల్లగా ఏడో వరుస చేరింది, దాని ముందు ఎనిమిదో వరుసలో నా రాజు నిలబడ్డాడు, నా ఏనుగు డీ నిలువు వరుసలో కాపలా ఉండి అతని రాజుని దగ్గరికి రానివ్వలేదు. ఇది రాత్రిళ్ళు గిన్నెలు సర్దాక ఆడిన పొజిషన్. ఏనుగుని నాలుగో వరుసకి తెచ్చాను, సీ4 నుంచి చెక్ ఇచ్చి అతని రాజుని ఇంకో గడి అవతలికి తరిమాను. తర్వాత నా రాజు బయటికొచ్చాడు. అతను చెక్ మీద చెక్. నా రాజు వరుస వరుసకీ ఒక్కో మెట్టు దిగి ఐదో వరుసకి రాగానే, కింద నాలుగో వరుసలో ఉన్న ఏనుగు ఈ4కి వచ్చి అడ్డం నిలబడింది. ఇక చెక్ లేదు. అబ్బాయి రిజైన్ చేశాడు.

కుర్చీలోంచి లేవబోతే, "మేడం, కెమెరాలో ఉండండి, మిగతా బోర్డులు అవ్వాలి" అన్నారు ఆర్బిటర్. గెలిచిన సంతోషంతో అలాగే బొమ్మలా కూర్చున్నాను, ఇంకో పది నిమిషాలు.

నాకు 6 పాయింట్లు. ఇంకొకరికీ 6. టైబ్రేక్. లిచెస్ స్విస్‌లో దీనికి సోన్నెబోర్న్-బెర్గర్ అనే లెక్క వాడతారు: మనం ఓడించినవాళ్ళు మొత్తం తెచ్చుకున్న పాయింట్లు పూర్తిగా, డ్రా చేసినవాళ్ళవి సగం, అన్నీ కూడాలి. అంటే ఎంతమందిని గెలిచామన్నదే కాదు, గెలిచింది ఎవరి మీద అన్నదీ చూస్తారు. చివర్లో ఓడిన అబ్బాయి 5.5 దగ్గర ఆగాడు, ఆ 5.5 మొత్తం నా ఖాతాలో పడింది. రెండో 6 పాయింట్ల మనిషి ఆ అబ్బాయితో తలపడలేదు. అకౌంటెంట్‌ని కాబట్టి ఈ పద్ధతి నాకు వెంటనే నచ్చింది. ఓడి ఉంటే ఇంత నచ్చేది కాదేమో.

ఫలితం ఆ రోజే ప్రకటించలేదు, తాత్కాలికం అన్నారు. మొదటి పదిమంది ఆటలూ, వీడియోలూ చూసి ఖరారు చేస్తామన్నారు. ఆ ఎదురుచూపు టోర్నీ కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఏ తప్పూ చెయ్యకపోయినా, చీకట్లో టార్చి వేసినప్పుడు ఎటు చూశానో, రూటర్ పోయినప్పుడు పైకి ఏమన్నానో అని గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. ఖరారు జాబితా వచ్చినప్పుడు మెట్రోలో అమీర్‌పేట దాటుతున్నాను. మొదటి పేరు నాది. మొదటి పదిలో ఇంతకుముందున్న ఒక పేరు కొత్త జాబితాలో లేదు. ఎందుకో వాళ్ళు చెప్పలేదు, గ్రూపులో ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి లిచెస్‌లో మెసేజ్ వచ్చింది, నిజామాబాద్ అబ్బాయి నుంచి. "ఆంటీ, ఎఫ్8 వేసుంటే డ్రానే కదా?" ఇద్దరం కలిసి ఆ పొజిషన్‌ని టేబుల్‌బేస్‌లో చూశాం. ఏడు పావుల దాకా ఉన్న పొజిషన్లకి అందులో తిరుగులేని జవాబుంటుంది. మా ఇద్దరివీ కలిపి ఐదే. ఎఫ్8కి డ్రా, డీ8కి ఓటమి. "మా సార్ చెప్పారు ఆంటీ పొట్టి వైపు వెళ్ళాలని. టైం చూసి కంగారుపడ్డా" అన్నాడు. ఏనుగుని జీ1కి ఎందుకు దించావని అడిగాను. నేను ఏడో వరుసలో ఊరికే అటూ ఇటూ జరపడం చూసి, ఏదో వల పన్నుతున్నాననుకున్నాడట. వల ఏమీ లేదు నాన్నా, టైం ఉంది కాబట్టి జరిపానన్నాను. వచ్చేసారి తను కూడా 15వ ఎత్తుకి లెక్క పెట్టుకుంటాడట. అంటే వచ్చేసారి నాకు కష్టమే.

గడియారం కొరియర్‌లో వచ్చింది. సార్ సలహా మీద ఇప్పుడు బోర్డు మీద ఆడే ర్యాపిడ్ టోర్నీకి పేరిచ్చాను, ఎందుకంటే ఆన్‌లైన్ గెలుపులకి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) మామూలు రేటింగ్ రాదు. ర్యాపిడ్‌లో ఎత్తులు రాసుకోవాల్సిన పనిలేదు, అది హాయి. కానీ ఆన్‌లైన్‌లో గడియారం దానంతటదే మారుతుంది, ఇక్కడ ఎత్తు వేసిన చేత్తోనే మనం నొక్కాలి. రోజూ రాత్రి మా వాడితో అన్నయ్య ఇచ్చిన చెక్క బోర్డు మీద ఆడుతున్నాను. వాడు నాకన్నా ముందే నొక్కుతున్నాడు, నొక్కేటప్పుడు టపీమని శబ్దం కూడా చేస్తున్నాడు. ఆ శబ్దానికి సీరియల్ వినపడట్లేదని అత్తయ్య కంప్లైంట్.